ఇందులో అబద్ధం చెప్పే కొలత ఏది? – డిజైన్ అప్రెంటిస్‌ల ప్రశ్నలు, జవాబులు

ఈ నెల మాకు అందిన ఉత్తరాలలో ఎక్కువ భాగం పెద్ద కంపెనీల ఇంజనీరింగ్ డిజైన్ విభాగాలలో అప్రెంటిస్‌లుగా చేరినవారివే. చేరి మూడు నెలలు కూడా నిండనివారు కొందరైతే, శిక్షణ ముగింపుకు వచ్చినవారు మరికొందరు. ఒకే సందేహాన్ని నలుగురైదుగురు వేర్వేరు మాటలలో అడిగినచోట వాటిని కలిపి ఒకే ప్రశ్నగా ప్రచురిస్తున్నాము. నేను కూడా ఒకప్పుడు అప్రెంటిస్‌గానే ఈ వృత్తిలోకి వచ్చినవాడిని కనుక, జవాబులలో అక్కడక్కడ సొంత గోడు దొర్లితే పాఠకులు మన్నించాలి.

ప్రశ్న: నేను ఒక పెద్ద యంత్రాల కంపెనీ డిజైన్ విభాగంలో చేరి ఎనిమిది నెలలైంది. ఇప్పటివరకు నాకు ఇచ్చినవన్నీ పాత డ్రాయింగులలో చిన్నచిన్న మార్పులే. ఒక రంధ్రాన్ని ఆరు మిల్లీమీటర్లు పక్కకు జరపడం, మెటీరియల్ కోడ్ మార్చడం, టైటిల్ బ్లాకులో (డ్రాయింగు వివరాలుండే గడిలో) రివిజన్ అక్షరం, అంటే అది ఎన్నో సవరణో చెప్పే అక్షరం, సరిచేయడం వంటి పనులతోనే రోజులు గడిచిపోతున్నాయి. నాతోపాటు చదువుకున్న మిత్రుడు ఒక చిన్న సంస్థలో చేరి, అప్పుడే ఒక కన్వేయరును మొత్తంగా తానే డిజైన్ చేశానని చెబుతున్నాడు. నేను వెనకబడిపోతున్నానా?

జవాబు: మీ మిత్రుడు నేర్చుకుంటున్నది నిజంగానే విలువైనది, అందులో సందేహం లేదు. ఒక యంత్రాన్ని మొదటి గీత నుంచి చివరి బోల్టు వరకు మోసిన అనుభవం చిన్న సంస్థలో త్వరగా దొరుకుతుంది. అయితే మీరు చిన్న పని అనుకుంటున్న ఆ ఆరు మిల్లీమీటర్ల మార్పును ఒకసారి దగ్గరగా చూడండి. ఆ రంధ్రం జరిగితే దానికి ఎదురుగా బిగించే భాగంలోని రంధ్రం కూడా జరగాలి. మధ్యలో గ్యాస్కెట్ ఉంటే దాని డ్రాయింగు మారాలి. రంధ్రం సరైన చోట పడేలా చూసే డ్రిల్లింగ్ జిగ్ పనికిరాకుండా పోతుంది, తనిఖీవాళ్ళ దగ్గర కొలత సరిచూసే గేజ్ పోతుంది, స్టోర్సులో ఇప్పటికే తయారై ఉన్న భాగాలను ఏం చేయాలో ఎవరో ఒకరు నిర్ణయించాలి. వీటన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న మరొకటి ఉంది: కొత్త భాగాన్ని పాత యంత్రాలలో విడిభాగంగా అమర్చవచ్చా, లేదా? అమర్చగలిగితే అదే పార్ట్ నంబరు ఉంచి రివిజన్ మారిస్తే సరిపోతుంది. అమర్చలేకపోతే పార్ట్ నంబరే కొత్తది కావాలి. ఈ తేడా తెలియకుండా రివిజన్ అక్షరం ఒక్కటి మార్చి వదిలేస్తే, మూడేళ్ళ తరువాత ఎక్కడో ఒక మెకానిక్ సరైన నంబరు గల పెట్టెను విప్పి, అందులోని భాగం బిగుసుకోక తల పట్టుకుంటాడు.

చిన్న మార్పు ఎంత దూరం వెళ్ళగలదో తెలియడానికి మన వృత్తిలో అందరూ చదవవలసిన ఉదంతం ఒకటుంది. 1981 జూలై 17న అమెరికాలోని కాన్సస్ సిటీలో హయత్ రీజెన్సీ హోటల్ లోపల వేలాడగట్టిన నడక వంతెనలు కూలి 114 మంది మరణించారు. అసలు డిజైను ప్రకారం పైకప్పు నుంచి దిగే ఒకే పొడవాటి ఉక్కు కడ్డీ నాలుగో అంతస్తు వంతెనను, దాని కింద ఉన్న రెండో అంతస్తు వంతెనను కూడా మోయాలి. అంత పొడవు కడ్డీకి మరలు కోసి నట్టు ఎక్కించడం కష్టమని, దాన్ని రెండు కడ్డీలుగా విడగొట్టారు. పై కడ్డీ నాలుగో అంతస్తు వంతెనను పట్టుకుంటే, కింది కడ్డీ ఆ వంతెన నుంచే వేలాడింది. చూడటానికి ఆ మార్పు తయారీ సౌలభ్యం కోసం చేసిన సర్దుబాటులాగే కనిపిస్తుంది. కాని పై వంతెన దూలాల కింద ఉన్న నట్లు ఇంతకు ముందు ఒక వంతెన బరువు మోయవలసి ఉండగా, మార్పు తరువాత రెండింటి బరువునూ మోయవలసి వచ్చింది. మొదటి డిజైను కూడా కావలసినంత బలంగా లేదని తరువాత విచారణలో తేలింది. ఈ మార్పు దాన్ని మరింత దిగజార్చింది. డ్రాయింగు ఆమోదం పొందింది, కొత్తగా లెక్క మాత్రం ఎవరూ వేయలేదు.

కాబట్టి వచ్చిన ప్రతి మార్పు అభ్యర్థనకూ మీ నోటుబుక్కులో ఒక పేజీ కేటాయించండి. ఈ మార్పును ఎవరు అడిగారు, ఎందుకు అడిగారు, ఏయే భాగాలు దీనివల్ల కదిలాయి, నేను ముందుగా ఊహించనిది ఏది అని రాసుకోండి. నలభై పేజీలు నిండేసరికి ఆ ఉత్పత్తిలో ఎక్కడెక్కడ నొప్పి ఉందో మీకు మీ సీనియర్లలో చాలామందికంటే బాగా తెలుస్తుంది. అయితే సంవత్సరం దాటినా ఇదే పని తప్ప మరొకటి రాకపోతే, మౌనంగా ఉండవద్దు. ‘ఇంకా మంచి పని ఇవ్వండి’ అని అడిగితే ఎవరికీ ఏం ఇవ్వాలో తోచదు. ‘నాలుగైదు భాగాలున్న ఒక చిన్న అసెంబ్లీని మొదటి స్కెచ్ నుంచి రిలీజ్ (తయారీకి విడుదల) వరకు నాకు అప్పగించండి, ప్రతి దశలోనూ మీకు చూపిస్తాను’ అని అడిగితే చాలామంది పర్యవేక్షకులు కాదనలేరు.

ప్రశ్న: ఒక బ్రాకెట్ డ్రాయింగును మూడు రోజులు కష్టపడి గీసి చెకింగుకు ఇచ్చాను. ఒక్క ఏ3 కాగితం మీద ముప్పై ఏడు ఎర్ర గుర్తులతో తిరిగి వచ్చింది. పక్కనున్నవారు చూస్తుండగా ఆ కాగితాన్ని నా బల్ల మీద పెట్టి వెళ్ళారు. కొన్నిచోట్ల సున్నా చుట్టారే తప్ప తప్పేమిటో రాయలేదు. ఈ పనికి నేను తగనేమోనని అనిపిస్తోంది.

జవాబు: ముప్పై ఏడు గుర్తులంటే చెకర్ మీ డ్రాయింగును ముప్పై ఏడు చోట్ల ఆగి చదివారని అర్థం. అసలు చదవకుండా సంతకం పెట్టి పంపేవారి చేతిలో పడి ఉంటే మీకు ఈరోజు బాధ ఉండేది కాదు, ఆ బాధ మరో నెల తరువాత షాప్‌ఫ్లోర్ నుంచి, అంటే భాగాలు తయారయ్యే చోటు నుంచి, వచ్చేది.

నా మొదటి డ్రాయింగు సంగతి చెబుతాను. అది మూడు మెట్లున్న ఒక షాఫ్టు (ఇరుసు కడ్డీ). ఒక్కొక్క మెట్టు పొడవు 40 మిల్లీమీటర్లు. మూడు 40లనూ వరుసగా గుర్తించి, ఎవరికైనా ఉపయోగపడుతుందని పైన మొత్తం పొడవు 120 అని కూడా వేశాను. ఎంత సంపూర్ణంగా గీశానో అని లోలోపల పొంగిపోయాను. మా చెకర్ నాలుగు కొలతలనూ కలిపి ఒకే ఎర్ర సున్నా చుట్టి, పక్కన ఒక్క వాక్యం రాశారు: ‘ఇందులో అబద్ధం చెప్పే కొలత ఏది?’ ఆ రోజంతా ఆలోచించినా నాకు అర్థం కాలేదు. మూడు నలభైలు నూట ఇరవై కాదా? మరునాడు ఆయన నా చేత లెక్క వేయించారు. ఆ డ్రాయింగులోని సాధారణ టోలరెన్స్ ప్రకారం 40కి ప్లస్ లేదా మైనస్ 0.3 అనుమతి ఉంది. 120కి కూడా అంతే. మూడు మెట్లూ తమ హద్దులలోనే ఉండి, ఒక్కొక్కటి 0.3 చొప్పున ఎక్కువైతే షాఫ్టు పొడవు 120.9 అవుతుంది. అంటే మూడు కొలతల ప్రకారం అది మంచి షాఫ్టు, నాలుగో కొలత ప్రకారం చెత్తబుట్టలో వేయవలసిన షాఫ్టు. లేత్ మీద దాన్ని తయారుచేసే టర్నర్ దేనిని నమ్మాలి? తనిఖీ చేసేవారు దేనిని నమ్మాలి? ఇలా గొలుసుగా కలిసిన కొలతలలో ఒకదాన్ని వదిలివేయాలి, లేదా సమాచారం కోసం మాత్రమేనని తెలిసేలా కుండలీకరణాలలో పెట్టాలి. ఏది వదలాలన్నది ఆ షాఫ్టు ఏ పని చేస్తుందో తెలిసినవాడే చెప్పగలడు. బేరింగు ఆనుకునే మెట్టు ముఖ్యమైతే ఆ కొలత ఉండి తీరాలి. ఎవరికీ పట్టని చివరి మెట్టు కొలత పోయినా నష్టం లేదు.

మీ ముప్పై ఏడు గుర్తులనూ మూడు కుప్పలుగా విడదీయండి. మరిచిపోయినవి ఒక కుప్ప: రంధ్రం లోతు వేయకపోవడం, మెటీరియల్ రాయకపోవడం వంటివి. ఇవి సిగ్గుపడవలసినవి కావు, అలవాటుతో పోయేవి. అర్థం కానివి రెండో కుప్ప. చెకర్ దగ్గరికి వెళ్ళేటప్పుడు ఈ కుప్పను మాత్రమే పట్టుకుని వెళ్ళండి, అన్నిటినీ ఒకేసారి అడగవద్దు. మూడోది అభిరుచికి సంబంధించినది: ఈ వ్యూ (ఒక వైపు నుంచి చూసిన రూపం) కాస్త కుడికి జరపవచ్చు, ఈ నోటు పైన ఉంటే బాగుంటుంది వంటివి. వీటి గురించి మొదటి సంవత్సరంలో వాదించకపోవడమే మంచిది. వాదించి గెలిచినా దక్కేది పెద్దగా ఏమీ ఉండదు. మీరు వర్గీకరణ పూర్తి చేశాక చూస్తే, మొదటి కుప్పే అన్నిటికంటే పెద్దదిగా కనిపిస్తుందని నా అనుభవం.

దానికి మందు ఒకటే. గీసిన రోజే చెకింగుకు ఇవ్వకండి. ఒక రాత్రి గడిచాక కాగితం మీద ప్రింటు తీసి, తెర వైపు చూడకుండా, ఆ భాగాన్ని మీరే తయారుచేస్తున్నట్టు ఊహించుకుంటూ, వాడుకున్న ప్రతి కొలతనూ పసుపు పెన్సిలుతో కొట్టివేస్తూ పొండి. పని మధ్యలో కావలసిన కొలత దొరకకపోతే అది మీరు మరిచిపోయినది. భాగం పూర్తయ్యాక కూడా పసుపు అంటని కొలత మిగిలితే అది రెండుసార్లు చెప్పినది. తెర మీద పదిసార్లు చూసినా కంటపడని తప్పు కాగితం మీద ఎందుకు కనబడుతుందో నాకు ఇప్పటికీ తెలియదు, కాని కనబడుతుంది.

సున్నా చుట్టి కారణం రాయని చెకర్ గురించి ఒక మాట. అందరి ముందూ కాగితం పడేసి వెళ్ళడం మర్యాద కాదు. దాన్ని నేను సమర్థించను. కారణం రాయకపోవడం మాత్రం ఎప్పుడూ నిర్లక్ష్యం కానక్కరలేదు.

ప్రశ్న: నేను డిజైన్ విభాగంలో ఉన్న ఏకైక మహిళా అప్రెంటిస్‌ను. నేను గీసిన ఒక హౌసింగ్ (వేరే భాగం లోపల కూర్చునే డొల్ల భాగం) డ్రాయింగును చూసి మిల్లింగ్ మెషీన్ మీద పనిచేసే పెద్దాయన నవ్వి, ‘ఈ మూల నువ్వే ఉలితో చెక్కిపెట్టమ్మా, నా వల్ల కాదు’ అన్నారు. చుట్టూ ఉన్నవాళ్ళు కూడా నవ్వారు. ఆ తరువాత షాప్‌ఫ్లోర్‌కు వెళ్ళాలంటేనే మొహమాటంగా ఉంది. దీన్ని మా పర్యవేక్షకుడి దృష్టికి తీసుకువెళ్ళాలా?

జవాబు: ముందుగా ఆ మూల సంగతి చూద్దాం. మీరు లోపలి మూలను తొంభై డిగ్రీల పదునుతో గీసి ఉంటారు. మిల్లింగ్ కట్టర్ గుండ్రంగా తిరుగుతుంది కనుక అది తన వ్యాసంలో సగం వ్యాసార్ధాన్ని మూలలో వదలక తప్పదు. పది మిల్లీమీటర్ల కట్టర్ వాడితే మూల ఐదు మిల్లీమీటర్ల గుండ్రం అవుతుంది. గుండ్రం చిన్నదిగా కావాలంటే సన్నటి కట్టర్ కావాలి. మీ హౌసింగ్ లోతు నలభై మిల్లీమీటర్లైతే మూడు మిల్లీమీటర్ల కట్టర్ అంత లోతులో వంగి వణుకుతుంది, లేదా విరుగుతుంది. డ్రాయింగులో వ్యాసార్ధాన్ని ఐదుకు బదులు ఐదున్నరో ఆరో ఇస్తే, అదే పది మిల్లీమీటర్ల కట్టర్ మూలలో ఒక్కసారిగా ఇరుక్కోకుండా సాఫీగా తిరిగిపోతుంది. అందులో కూర్చోవలసిన ఎదుటి భాగానికి పదునైన మూలే ఉంటే, హౌసింగ్ మూలను కాస్త లోపలికి తవ్వి ఖాళీ వదలవచ్చు, లేదా ఎదుటి భాగం మూలనే చెక్కివేయవచ్చు. ఈ ముచ్చట అంతా ఆ పెద్దాయన ఒక్క వాక్యంలో, తనదైన పద్ధతిలో చెప్పారు.

ఇక నవ్వు సంగతి. డ్రాయింగును చూసి నవ్వడం వేరు, మిమ్మల్ని చూసి నవ్వడం వేరు. ఆ రోజు జరిగింది మొదటిదని మీ ఉత్తరాన్ని బట్టి నాకు అనిపిస్తోంది; అక్కడ నిలబడి చూసింది మీరు కాబట్టి తుది మాట మీదే. మాటలు మీ డ్రాయింగును దాటి మీ మీదికి, మీరు ఆడపిల్ల కావడం మీదికి వస్తే, ఒక్కసారి జరిగినా సరే తేదీ వేసి రాసుకుని పర్యవేక్షకుడికి చెప్పండి. అందులో మొహమాటం అక్కరలేదు, ఓర్చుకోవడం శిక్షణలో భాగమూ కాదు.

మొదటి రకమైతే మాత్రం, సరిదిద్దిన డ్రాయింగు ప్రింటు పట్టుకుని ఆ పెద్దాయన దగ్గరికే వెళ్ళండి. షిఫ్టు మారే వేళల్లో కాకుండా, మెషీన్ మీద పని నడుస్తూ ఆయన కాస్త తీరికగా నిలబడిన సమయం చూసుకోండి. ‘ఇప్పుడు సరిగా ఉందా?’ అని అడిగితే ‘ఉంది’ అంటారు, సంభాషణ అక్కడితో ముగుస్తుంది. ‘ఇందులో మిమ్మల్ని అన్నిటికంటే ఇబ్బంది పెట్టే కొలత ఏది?’ అని అడగండి. నేను ఎన్నిసార్లు ఈ ప్రశ్న వేసినా నాకు తెలియనిది ఒకటైనా దొరకకుండా పోలేదు.

అక్కడి నుంచి తనిఖీ గదికి కూడా వెళ్ళండి. డిజైన్ విభాగంలో కూర్చుని 25 మిల్లీమీటర్ల రంధ్రానికి హెచ్7 అని రెండు అక్షరాలు రాయడం చాలా తేలిక. దాని అర్థం ఆ రంధ్రం 25.000కు తగ్గకూడదు, 25.021ని మించకూడదు. అంటే మొత్తం అవకాశం 21 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). దానిలో తిరిగే షాఫ్టుకు జి6 ఇస్తే షాఫ్టు 24.980కీ 24.993కీ మధ్య ఉండాలి. రెండింటి మధ్య ఖాళీ 7 మైక్రాన్ల నుంచి 41 మైక్రాన్ల వరకు ఉంటుంది. 0.02 మిల్లీమీటర్ల వరకు మాత్రమే చదవగల వెర్నియర్ క్యాలిపర్‌తో 21 మైక్రాన్ల హద్దును ఎలా తేలుస్తారు? తేల్చలేరు. అందుకే తనిఖీవాళ్ళ దగ్గర రెండు కొనలున్న ప్లగ్ గేజ్ ఉంటుంది. ఒక కొన రంధ్రంలోకి దిగాలి, రెండో కొన దిగకూడదు. ఒకసారి అడిగి ఆ గేజ్‌ను మీ చేత్తో రంధ్రంలోకి దించి చూడండి. దిగే కొన గాలిని మెల్లగా తోసుకుంటూ జారడం, దిగని కొన అంచు దగ్గరే మొండిగా ఆగిపోవడం వేళ్ళకు తెలిశాక, అవసరం లేనిచోట హెచ్7 రాయడానికి మీ చెయ్యి రాదు.

అక్కడే మరొకటి గమనించండి. తనిఖీ గదిని చల్లగా ఉంచేది అందులో పనిచేసేవారి సుఖం కోసం కాదు. కొలతలన్నిటికీ ప్రామాణిక ఉష్ణోగ్రత 20 డిగ్రీల సెల్సియస్ అని అంతర్జాతీయ ప్రమాణం చెబుతుంది. మెషీన్ మీద నుంచి అప్పుడే దిగి, దానికంటే పది డిగ్రీలు వేడిగా ఉన్న 500 మిల్లీమీటర్ల అల్యూమినియం పలక దాదాపు 0.115 మిల్లీమీటర్లు పొడవుగా ఉంటుంది. మీరిచ్చిన టోలరెన్స్ 0.1 అయితే, ఉదయం తప్పిన భాగం మధ్యాహ్నానికి పాసవుతుంది!

ప్రశ్న: కళాశాలలో నేర్చుకున్న క్యాడ్ (కంప్యూటర్‌తో డిజైన్ చేసే) సాఫ్ట్‌వేర్ ఒకటి, కంపెనీలో వాడేది మరొకటి. సొంత డబ్బుతో కోర్సు చేయమంటారా?

జవాబు: వద్దు. కంపెనీ తన సాఫ్ట్‌వేర్‌ను తానే నేర్పుతుంది, నేర్పకపోతే పక్కనున్నవారిని రెండు వారాలు విసిగిస్తే వస్తుంది. ఐవాన్ సదర్లాండ్ 1963లో కంప్యూటర్ తెర మీద గీసే స్కెచ్‌ప్యాడ్ అనే ప్రోగ్రామును చూపించిన నాటి నుంచి ఈ పనిముట్లు మారుతూనే ఉన్నాయి. 1982లో ఆటోక్యాడ్, 1995లో సాలిడ్‌వర్క్స్ వచ్చాయి. మీరు పదవీ విరమణ చేసేలోగా ఇంకెన్ని వస్తాయో. ఒక వస్తువును రెండు మూడు దిక్కుల నుంచి చూసి కాగితం మీద పరిచే పద్ధతికి మాత్రం 18వ శతాబ్దంలో ఫ్రెంచ్ గణితవేత్త గాస్పార్ మాంజ్ వేసిన శాస్త్రీయమైన పునాదే నేటికీ నిలిచి ఉంది.

మీరు శ్రద్ధ పెట్టవలసింది బటన్లు ఎక్కడున్నాయన్నదాని మీద కాదు, మోడల్‌ను ఎలా కడుతున్నారన్నదాని మీద. మీ మోడల్‌లో పలక మందాన్ని 8 నుంచి 10కి మార్చి చూడండి. రంధ్రాలు, పలకను బలపరిచే పక్కటెముకలు తమంతట తాము సర్దుకుంటే మోడల్ బాగున్నట్టు. తెర నిండా ఎర్రటి హెచ్చరికలు వచ్చాయంటే, మీరు ఆకారాన్ని గీశారే తప్ప ఉద్దేశాన్ని గీయలేదని అర్థం. ఈ పరీక్షను రిలీజ్‌కు ముందు మీరు చేయకపోతే, మీ తరువాత ఆ ఫైలును తెరిచే మనిషి చేస్తాడు, మిమ్మల్ని తిట్టుకుంటూ.

పెద్ద కంపెనీలో సాఫ్ట్‌వేర్‌కు సంబంధించి నిజంగా భయపడవలసింది వెర్షన్ల గురించి. ఎయిర్‌బస్ ఏ380 విమానం 2006లో భారీగా ఆలస్యం కావడానికి ముఖ్య కారణాలలో ఒకటి, జర్మనీలోని హాంబర్గ్‌లో తయారైన వైర్ల కట్టలు ఫ్రాన్స్‌లోని టూలూజ్‌లో విమానంలోకి అమర్చేటప్పుడు సరిపోకపోవడం. ఒకచోట కాటియా అనే క్యాడ్ సాఫ్ట్‌వేర్ నాలుగో వెర్షన్, మరోచోట ఐదో వెర్షన్ వాడారు. ఒకచోట జరిగిన మార్పు రెండోచోటి మోడల్‌లో సరిగా ప్రతిఫలించలేదు. కాబట్టి ఏ సాఫ్ట్‌వేర్ అన్నది వదిలేసి, ఏ వెర్షన్, ఏ టెంప్లేట్, ఏ ఫోల్డర్ అన్న మూడు ప్రశ్నలకు జవాబు చేరిన వారంలోనే తెలుసుకోండి.

ప్రశ్న: ఇప్పటికే రిలీజైన ఒక డ్రాయింగులో నాకు తప్పు కనిపించింది. దాన్ని గీసింది మా విభాగంలో అందరూ గౌరవించే సీనియర్. నేను చేరి ఐదు నెలలే అయింది. చెబితే అతితెలివి అనుకుంటారని భయం, చెప్పకపోతే నిద్ర పట్టడం లేదు.

జవాబు: ముందు ఒక అరగంట మీ అనుమానాన్నే అనుమానించండి. మీరు చూస్తున్నది తాజా రివిజనేనా, పక్క భాగం డ్రాయింగులో దానికి తగిన సర్దుబాటు ఏదైనా ఉందా, నోట్సులో మీరు చదవని వాక్యం ఉందా అని చూడండి. ఆ తరువాత కూడా తప్పు తప్పుగానే కనిపిస్తే, రేపటికి వాయిదా వేయకుండా ఈరోజే ఆ సీనియర్ దగ్గరికి ఒంటరిగా వెళ్ళండి. ‘ఇది తప్పు’ అనవద్దు. ‘ఈ రెండు కొలతలూ నాకు కలవడం లేదు, నేను ఎక్కడ పొరబడుతున్నానో చూపిస్తారా?’ అని అడగండి. ఇది నటన కాదు. నిజంగానే మీరు పొరబడి ఉండవచ్చు. తప్పు ఖరారైతే మార్పు అభ్యర్థన ఆయన పేరుతో వెళ్ళినా, మీ పేరుతో వెళ్ళినా ఒకటే. ఆ భాగం ఇప్పుడు ఎక్కడైనా తయారవుతోందా అన్నది మాత్రం వెంటనే తెలుసుకోవాలి. తయారీని ఆపే అధికారం మీకు లేదు, కాని ఆపగలిగినవారికి కబురు అందేలా చూడటం మీ చేతిలోనే ఉంది. సీనియర్ కొట్టిపారేసి, మీకు కారణం మాత్రం చెప్పకపోతే, అదే ప్రశ్నను పర్యవేక్షకుడిని అడగండి.

వాయిదా వేయవద్దని ఇంత గట్టిగా చెప్పడానికి కారణముంది. అప్రెంటిస్‌గా రెండో సంవత్సరంలో ఒక పాత ఫైలును కాపీ చేసి కొత్త డ్రాయింగు గీశాను. నా వ్యూలు థర్డ్ యాంగిల్ పద్ధతిలో ఉన్నాయి, అంటే కుడి వైపు నుంచి చూసిన రూపం కుడి పక్కనే ఉంది. టైటిల్ బ్లాకులో మాత్రం పాత ఫైలు నుంచి వచ్చిన, ఫస్ట్ యాంగిల్ పద్ధతిని తెలిపే శంకువు గుర్తు అలాగే మిగిలిపోయింది. ఆ పద్ధతిలో కుడి వైపు రూపాన్ని ఎడమ పక్కన వేస్తారు. బయటి తయారీదారు ఆ చిన్న శంకువు గుర్తును నమ్మి, డ్రాయింగులో ఉన్నదానికి అద్దంలో ప్రతిబింబంలాంటి భాగాలను తయారుచేశాడు. అతని తప్పు ఏమీ లేదు, అతను చదవవలసినట్టే చదివాడు. ఆ గుర్తును నేను ఒక బుధవారం సాయంత్రం గమనించాను. మరునాడు ఉదయం నిదానంగా చెబుదామని ఇంటికి వెళ్ళిపోయాను. ఆ రాత్రి షిఫ్టులో మరో ఇరవై భాగాలు తయారయ్యాయి. తప్పు చేసినందుకు మా పర్యవేక్షకుడు నన్ను ఒక్క మాట అనలేదు. ఆ ఇరవై భాగాలను మాత్రం ఒక పెట్టెలో పెట్టించి, నా శిక్షణ పూర్తయ్యేవరకు నా బల్ల కిందే ఉంచారు. కాలు చాపిన ప్రతిసారీ తగిలేవి.

ప్రశ్న: వారంలో కొన్ని రోజులు పని, ఒక రోజు తరగతులు, రాత్రులు అసైన్‌మెంట్లు. శిక్షణ లాగ్‌బుక్ నాలుగు నెలలుగా ఖాళీగా ఉంది. ఇప్పుడు కూర్చుని రాస్తే సరిపోతుందా?

జవాబు: నాలుగు నెలల క్రితం ఏం చేశారో మీకు గుర్తుండదు, ఉన్నట్టు రాస్తే చదివేవారికి తెలిసిపోతుంది. పోయినది పోయిందనుకుని, మీ ఈమెయిళ్ళూ మార్పు అభ్యర్థనలూ తిరగేసి దొరికినంత వరకు తేదీలతో నింపండి. ఈరోజు నుంచి మాత్రం కంప్యూటర్ కట్టేసే ముందు నాలుగు వాక్యాలు రాయండి. ‘బ్రాకెట్ మోడల్ చేశాను’ అని రాస్తే పరిశీలకుడికి ఏమీ తెలియదు. ‘బ్రాకెట్‌ను వెల్డింగుకు బదులు వంచిన షీటుతో చేయాలని ప్రతిపాదించాను, కారణం ఇది, పర్యవేక్షకుడు కాదన్నారు, ఆయన చెప్పిన కారణం ఇది’ అని రాస్తే తెలుస్తుంది. కాదనిపించుకున్న ఆలోచనలను కూడా రాయండి. లాగ్‌బుక్‌లో అన్నిటికంటే పనికొచ్చే పేజీలు తరచుగా అవే.

ప్రశ్న: మరో నాలుగు నెలల్లో నా శిక్షణ ముగుస్తుంది. బయట ఇంటర్వ్యూలలో చూపించడానికి నేను గీసిన డ్రాయింగులను ఫోనులో ఫొటోలు తీసుకుని పెట్టుకోవచ్చా?

జవాబు: తీయవద్దు, ఇప్పటికే తీసి ఉంటే తొలగించండి. మీరు గీసినవే అయినా అవి కంపెనీ సొత్తు, చేరినప్పుడు మీరు సంతకం చేసిన కాగితాలలో ఆ మాట తప్పకుండా ఉండి ఉంటుంది. పైగా ఒక కంపెనీ డ్రాయింగులను చూపించే అభ్యర్థిని చూసి, రేపు మావి కూడా ఇలాగే చూపిస్తాడని ఇంటర్వ్యూ చేసేవారు అనుకుంటారు. ఏదైనా చూపించక తప్పదనుకుంటే రాతపూర్వకంగా అనుమతి అడగండి.

అంతకంటే మంచి మార్గం ఉంది. ఒక సాధారణమైన తలుపు బందును తీసుకుని విప్పండి. రెండు రేకులు, మధ్యలో ఒక పిన్ను, అంతే. కొలిచి గీసి, అసెంబ్లీ డ్రాయింగూ విడిభాగాల డ్రాయింగులూ మెటీరియల్ జాబితాతో సహా తయారుచేయండి. పిన్నుకూ రంధ్రానికీ మధ్య ఎంత ఖాళీ ఇస్తారో ముందుగా మీరే నిర్ణయించి కాగితం మీద రాసుకోండి. ఆ తరువాతే అసలు పిన్నును మైక్రోమీటరుతో కొలవండి. మీరు అనుకున్నదానికీ అక్కడ ఉన్నదానికీ తేడా వస్తుంది, దాదాపు తప్పకుండా. అంత వదులుగా ఎందుకు వదిలారో ఇంటర్వ్యూలో మీరు ఐదు నిమిషాలు చెప్పగలిగితే, ఎదుటివారు మీ పాత కంపెనీ డ్రాయింగులను అడగరు.